ఒక్క వేలితో తెరిచే లాప్‌టాప్

"గురజాల పిల్లను చంపేస్తారు. ఎట్టా అన్నదే తెలవట్లా," అన్నాడు జమాల్, పాత ఫ్రిజ్ లోపల తల పెట్టి.

నరసరావుపేటలో జమాల్ ఫ్రిజ్‌ల మెకానిక్. అది బయటి బోర్డు. అసలు ఉద్యోగం ఒక రహస్య నిఘా విభాగానికి జిల్లా చీఫ్. రెండింటిలో ఆయనకు ఫ్రిజ్‌ల పనిలోనే పేరెక్కువ. స్టూలు మీద కూర్చున్న ఏజెంట్ కోటేశ్వర్‌కు బ్రీఫింగ్ ఎప్పుడూ ఇలా ఫ్రిజ్‌లోంచే వినిపిస్తుంది.

"ఎవరు, సబాయేనా?"

"ఆ పిల్లే. విదేశీ ముఠా పంపే కోడ్ మెసేజ్‌లన్నీ ఇంట్లో కూర్చుని విప్పేస్తంది. అది పోతే మనకి కళ్ళు పోయినట్టే. ఇయ్యాళ మాచర్లలో లాప్‌టాప్ కొనడానికి వస్తంది. షాపులో నువ్వు సేల్స్‌మన్. మీసం పెట్టుకో. ఈ పెన్నులో మైకుంది. మనిషి దొరికితే 'బోణీ అయింది' అను చాలు. బయట వ్యాన్‌లో మనోళ్ళుంటారు."

జమాల్ తల బయటికి తీసి చేతులు తుడుచుకున్నాడు.

"సరిత కూడా అక్కడే ఉంటది. కంపెనీ డెమో లేడీ వేషం."

కోటేశ్వర్ మొహం వెలిగిపోయింది. దాచుకుందామనుకున్నాడు గానీ చేతకాలేదు. సరితది పెదకూరపాడు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయ్యారు. రెండేళ్ళుగా ఆమె ఆ ముఠాలో వాళ్ళ మనిషిలా కలిసిపోయి ఇటు సమాచారం పంపుతోంది. ఈ పని పూర్తవగానే ఇద్దరికీ పెళ్ళి.

"వాళ్ళలో మన మనిషి అనుకుంటన్నాం," అన్నాడు జమాల్ మెల్లగా. "మనలో వాళ్ళ మనిషేమోనని పైవాళ్ళ అనుమానం. సబా పేరు వాళ్ళకి ఎవరో చెప్పారు గదా."

"సరిత కాదు సార్."

"కాకూడదనే నాకూ ఉందిరా. కళ్ళు తెరుచుకుని ఉండు."

మాచర్లలో ఆ షాపు బస్టాండ్ పక్క సందులో ఉంది. కోటేశ్వర్ వెళ్ళేసరికి సరిత కౌంటర్ వెనక నిలబడి ఉంది. నీలం కోటు, ఎర్రటి గోళ్ళు, సన్నటి వాచీ. మాచర్ల ఎండకు ఆ కోటు ఎవరూ వేసుకోరు. అయినా ఆమెకు ఎంత బాగుందో! అతన్ని చూసి నవ్వింది. దగ్గరికొచ్చి, వంకర తిరిగిన మీసాన్ని వేలితో సరిచేసింది.

"ఈ పనికి నిన్నెవడు ఎన్నుకున్నాడు కోటీ?" అంది గుసగుసగా.

జమాల్ అనుమానం అతనికి ఆ క్షణంలో ఉత్త చెత్తలా తోచింది.

సబా వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. చంకలో ఇటుకంత పాత లాప్‌టాప్. అది కౌంటర్ మీద దబ్బున పడింది.

"దీంతో చచ్చిపోతన్నానక్కా. ఒళ్ళో పెట్టుకుంటే తొడలు కాలతన్నయ్. ఫ్యాన్ మోతకి మా అమ్మ మిక్సీ అనుకుంటది. సన్నంగా, తేలిగ్గా ఉండేది చూపియ్యండి. కరెంటు పోయినా పొద్దుగూకులూ పనిచెయ్యాల."

సరిత డెమో మొదలుపెట్టింది. కోటేశ్వర్ కళ్ళు తలుపు మీద. లోపలికి వచ్చే ప్రతివాడి జేబులూ చూస్తున్నాడు. చార్జర్ కోసం వచ్చిన ముసలాయన సంచిని కూడా వదల్లేదు.

మొదటిది అన్నింటికంటే పల్చన. సబా నాలుగు లైన్లు టైప్ చేసి మణికట్టు చూసుకుంది. "అంచు కోసుకుపోతందక్కా. కీస్ కూడా బల్ల మీద వేలేసి కొట్టినట్టే ఉంది, లోపలికి దిగట్లా." రెండోది ఈకలా తేలిక. కానీ టైప్ చేస్తుంటే స్క్రీన్ ఊగుతోంది. మూడోదాన్ని సరిత ఒక్క చూపుడువేలితో తెరిచింది. మూత హాయిగా లేచింది, కింది భాగం బల్ల మీద నుంచి కదల్లేదు.

ట్రైనింగ్ రోజుల్లో కోటేశ్వర్‌కు ఆ విద్య నేర్పింది ఆమే. "మంచి లాప్‌టాప్ ఒక్క వేలితో తెరుచుకోవాల కోటీ. రెండో చెయ్యి కావాల్సొచ్చిందంటే ఏదో తేడా ఉన్నట్టే." క్యాంటీన్లో, రైల్లో, ఎక్కడ లాప్‌టాప్ కనిపించినా ఆమె ఒక్క వేలితోనే తెరిచేది. అతను ఆ వేలినే చూస్తూ కూర్చునేవాడు.

సబా మూడోదాని మీద చాలాసేపు టైప్ చేసింది. మెత్తగా దిగి మెత్తగా లేచే కీస్. వేడి లేదు, మోత లేదు. "ఇదే కావాల," అంది.

సరిత వంగి కౌంటర్ కింద నుంచి సీల్ వేసిన కొత్త పెట్టె తీసింది. "తీసుకో. ఇంటికి పోయి ఆన్ చేసుకో."

సబా పెట్టె విప్పి, లాప్‌టాప్‌ను తిరిగి సరిత వైపు నెట్టింది.

"బిస్మిల్లా మీ చేత్తోనే కానియ్యండక్కా. మీ చెయ్యి మంచిదిలా ఉంది. మా ఇంట్లో కుట్టుమిషన్ కొన్నా, ఫోన్ కొన్నా మంచి చెయ్యి చూసి మొదలుపెట్టిచ్చుకునే తెచ్చుకుంటాం."

పల్నాడులో ఎవరైనా అడిగే మాటే అది. ఏ మతమైనా, ఏ వీధైనా. రెండేళ్ళు విదేశీ హోటళ్ళలో తిరిగిన సరిత ఆ సంగతి మర్చిపోయింది.

"ఛార్జింగ్ లేదమ్మా."

"కొత్తదానికి లేకుండా ఎట్టా ఉంటదక్కా? ఊరికే ఓసారి వెలిగియ్యండి."

సరిత లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. ఒక చేత్తో కింది భాగాన్ని అదిమిపట్టి, రెండో చేత్తో మూత తెరిచింది.

రెండు చేతులతో.

కోటేశ్వర్ కళ్ళు డెమో పీసు వైపు తిరిగాయి. పక్కనున్నది అదే మోడల్. దాన్ని ఒక్క వేలితో తెరిచిన మనిషి. అంటే కింది భాగాన్ని లేవనివ్వకుండా పట్టి ఉంచే బ్యాటరీ బరువు దీంట్లో లేదు. దాని చోట ఇంకేదో ఉంది. అదేమిటో ఆమెకు తెలుసు.

'ఆన్ చెయ్ సరితా,' అని మనసులోనే బతిమాలాడు. 'నొక్కు. నేను తప్పని తేలిపోనీ. ఈ కౌంటర్ ముందే నీ కాళ్ళు పట్టుకుంటా.' అందులో బాంబే ఉంటే అందరూ చస్తారన్న సంగతి కూడా ఆ క్షణంలో అతనికి తట్టలేదు. పిచ్చివాడు.

ఎర్రటి గోరు బటన్ దాకా వెళ్ళి ఆగిపోయింది.

"నాకు ఫోనొస్తంది. నువ్వే నొక్కుకో అమ్మా," అని సరిత తలుపు వైపు కదిలింది.

"అయితే నేనే," అని సబా వేలు పెట్టబోయింది. గోరు బటన్‌కు తగిలేలోపు కోటేశ్వర్ ఆమె మణికట్టు ఒడిసిపట్టి వెనక్కి లాగాడు. మూత మెల్లగా మూసి, తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. మీసం ఊడి కింద పడింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

సరిత అబద్ధం చెప్పలేదు. "నువ్వు పెళ్ళి చేసుకుందామా అని అడగకముందు నుంచే."

"మరి ఆ రోజు సరేనన్నావేంది?"

"అదొక్కటే ఎవరో చెప్పమంటే చెప్పింది కాదు కోటీ." ఆమె కళ్ళు నిండాయి. "పక్కకు జరుగు. మళ్ళీ నీకు కనపడను."

జరగాలనిపించింది. నిజంగానే అనిపించింది. కానీ వెనక సబా తన మణికట్టు రుద్దుకుంటూ, ఏం జరిగిందో అర్థంకాక నిలబడి ఉంది. ఆ లాప్‌టాప్ గురజాల వెళ్ళి ఉంటే, అది వెలిగేసరికి పక్కన వాళ్ళమ్మ కూడా ఉండేది.

పెన్ను నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఆ కోడ్ సరితకూ తెలుసు. ఆమె కళ్ళు మూసుకుంది.

"బోణీ అయింది," అన్నాడు.

బేడీలు అతనే వేశాడు, వేరెవరినీ వెయ్యనివ్వలేదు. వ్యాన్ ఎక్కుతూ ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి, పెదవి మీద వేలు పెట్టి చూపించింది, మీసం ఊడిపోయిందని. అతను అక్కడే సందులో నిలబడి, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాడు.

తిరిగి లోపలికి వచ్చేసరికి సబా సోడా తాగుతూ కూర్చుని ఉంది. పని పిచ్చి మనిషి.

"అన్నా, ఒట్టి చేతుల్తో ఇంటికి పోతే పనాగిపోద్ది. ఆ డెమో పీసే ఇచ్చెయ్యండి." దాన్ని అతని ముందుకు జరిపింది. "నా ప్రాణం కాపాడారు. మీ చెయ్యి చానా మంచిది. బిస్మిల్లా మీరే కానియ్యండి."

కోటేశ్వర్ ఒక్క వేలితో మూత తెరిచాడు. కింది భాగం కదల్లేదు. బటన్ నొక్కాడు. స్క్రీన్ నిదానంగా వెలిగింది.

"నా చెయ్యి మంచిదో కాదో నాకు తెలవదమ్మా," అన్నాడు. "అది చెప్పాల్సిన మనిషికి ఇప్పుడే ఈ చేత్తోనే బేడీలేసొచ్చా."