తామూ పేరు మీద ఉన్న నెట్ లైను

“మీరు ఉన్నవాళ్ళట కదమ్మా! ఇక పైన ఇక్కడ ఉచితంగా డయాలసిస్ చెయ్యరు!”

అన్నాడు ఆస్పత్రి గుమాస్తా తామూతో. పక్కనే చక్రాల కుర్చీలో భర్త బూఅజ్జా, ఊపిరి అందక రొప్పుతున్నాడు. సెఫ్రూ ఊరి వీధుల్లో గుమ్మంలో కూర్చుని, జెల్లాబా నిలువుటంగీలకి పట్టుదారంతో బొత్తాలు అల్లుకునే మనిషి... ఆవిడ ఉన్నవాళ్ళలో చేరిందట!

“మీ పేరు మీద ఇంటర్నెట్ లైనుంది, పెద్ద పెద్ద బిల్లులు కడుతున్నారు. కంప్యూటర్ మిమ్మల్ని బీదల్లోంచి తీసేసింది. సర్కారు సాయం కూడా ఆగిపోయింది.”

“ఇంటర్నెట్టా? నాకు సంతకమే రాదు నాయనా!”

అంతలోనే గుర్తొచ్చింది... ఆడపడుచు నజ్మా! “వదినా, నీ గుర్తింపు కార్డు ఒక్కసారి ఇయ్యి, నీ బొత్తాల్ని పారిస్ దాకా అమ్మిపెడతా” అంటే మురిసిపోయి ఇచ్చేసింది. పుట్టగానే తల్లి పోయిన నజ్మాని తన బిడ్డతో పాటు పాలిచ్చి పెంచింది మరి! కార్డేంటి, అడిగితే ప్రాణమే ఇచ్చేది!

ఆ సాయంత్రమే నజ్మా కొత్త మేడకి వెళ్ళింది. పుదీనా టీ గ్లాసు ముట్టకుండానే అడిగింది.

“ఆ లైను నీ పేరుకి మార్చుకోవే తల్లీ... మీ అన్నయ్య చచ్చిపోతాడే!”

“అమ్మో! అప్పుడు నాకొచ్చే సాయం పోదూ?”

“నీకూ... సాయం వస్తోందా?!”

నజ్మా కిసుక్కున నవ్వింది. “ఎందుకు రాదు వదినా? మేడ మా అత్తగారి పేరున, కారు మా మరిది పేరున. కంప్యూటర్ కంటికి నీకన్నా నేనే బీదదాన్ని!”

గోడ మీద పెద్ద ఫొటో ఉంది. బొత్తం అల్లుతున్న రెండు చేతులు. తామూ చేతులే! ఆ చేతుల్ని నెట్‌లో చూపించే నజ్మా అంత సంపాదించింది. వాటికి దక్కినవి మాత్రం గుప్పెడు చిల్లర, సూది పోట్లు...

మర్నాడు పొద్దున్నే తామూ వెళ్ళి ఆ లైను తీయించేసింది. “మళ్ళీ బీదల లెక్కలోకి రావడానికి నెలలు పడుతుందమ్మా” అన్నారు ఆస్పత్రిలో. నెలలు! బూఅజ్జాకి రోజులే గండంగా ఉన్నాయి...

మధ్యాహ్నానికి అమ్మకాలు ఆగిపోయి నజ్మా లబోదిబోమంటూ వచ్చింది. మంచం మీద ఉబ్బిపోయిన అన్నని చూసి ఆ గొడవే మరిచిపోయింది. సంచిలోంచి నోట్లకట్ట తీసింది.

“తీసుకో వదినా! ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్దాం. ఏదో... నాకు చేతనైన సాయం!”

తామూ చేతిలో సూది ఆగింది.

“సాయం అనకే. ఇది నా వాటా అను. ఆ ఒక్క మాట అను, చాలు.”

నజ్మా తల వంచుకుంది. ఎంతసేపైనా ఆ మాట ఆమె నోట రాలేదు.

బూఅజ్జా మూలిగాడు. తామూ కళ్ళు తుడుచుకుని, డబ్బు అందుకుంది... సాయం పుచ్చుకున్నట్టుగానే, రెండు చేతులూ చాచి!