బడికి రాని నీలావతి కోసం

డేవిడ్ రాసిచ్చిన నోటుబుక్కును నీలావతి మరుసటి రోజే తిప్పి పంపింది. చివరి పేజీలో పెన్సిలుతో ఒకే ఒక్క వాక్యం రాసింది: "ఇది అంగడికి పోయేవాళ్ల చీటీ మాదిరి ఉండాది."

డేవిడ్‌కు ఒళ్లు మండింది. సరదా పుట్టి రాసింది కాదది. క్లాస్ టీచర్ సావిత్రమ్మ మేడం రాయమంటే రాశాడు.

అది 1996. ధర్మవరంలో ఇద్దరూ తొమ్మిదో తరగతి. ఫస్ట్ ర్యాంకు ఎప్పుడూ నీలావతిదే. ఆ జులైలో వాళ్లమ్మ మెట్ల మీద జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. పట్టుచీరలు నేసే తండ్రికి కండెలకు దారం చుట్టి ఇచ్చేవాళ్లు లేక నీలావతి బడి మానేసింది.

"మీ పిన్నమ్మ ఇల్లు ఆ వీధిలోనే కదా డేవిడ్. రోజూ ఏం జరిగిందో రాసి ఆ పిల్లకియ్యి. వెనకబడకుండా ఉంటాది," అన్నారు మేడం.

డేవిడ్‌ది బుక్కపట్నం. చదువు కోసం పిన్నమ్మ ఇంట్లో ఉంటున్నాడు. రాయడమంటే వేళ్లు నొప్పి పుట్టే పని అని తప్ప, అంతవరకూ అతనికి ఇంకేమీ తెలియదు.

సాయంత్రం నోటుబుక్కు పట్టుకొని నేరుగా ఆ ఇంటికే పోయాడు. ముందుగదిలో నీలావతి నాయన ముత్యాలప్ప తలెత్తకుండా మగ్గం నేస్తున్నాడు. పక్కన నేల మీద కూర్చొని నీలావతి రాట్నం తిప్పుతోంది. వేళ్లకు ఎర్రరంగు అంటుకొని ఉంది.

"ఏం తక్కువైంది దీంట్లో? లెక్కలు, సైన్సు, సోషల్ అన్నీ రాసినా కదా," అన్నాడు.

"మొదటి పీరియడ్ లెక్కలు, రెండో పీరియడ్ సైన్సు. అదంతా టైంటేబుల్లోనే ఉండాది. దీంట్లో బడి యాడుండాది?"

"బడి బడికాడే ఉండాది."

నీలావతి నవ్వలేదు. రాట్నం ఆపకుండానే అడిగింది. "నిన్న వాన పడింది కదా. మన క్లాసులో యాడ కారింది?"

డేవిడ్ ఆలోచించాడు. గుర్తు రాలేదు.

"సోషల్ సారు ఏం రంగు చొక్కా ఏసుకొన్యాడు?"

అదీ గుర్తు రాలేదు.

"పొద్దస్తమానం ఆడ కూర్చొని ఏం చూసినావబ్బా నువ్వు?" అంది నీలావతి. గొంతు తగ్గించి, "నాకు రాను కుదరని చోట నువ్వుండావు. ఊరికే ఉండి వస్తాండావు," అంది.

కోపంతో వచ్చినవాడు నోటుబుక్కు చంకలో పెట్టుకొని వెళ్లిపోయాడు.

మర్నాడు కూడా వాన పడింది. ఈసారి డేవిడ్ చూశాడు. మూడో బెంచీ మీద సరిగ్గా మధ్యలో కారుతోంది. ఆ బెంచీలో ఇద్దరూ ఆ చివరొకరు ఈ చివరొకరు జరిగి, చుక్క పడినప్పుడల్లా ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వు బిగబట్టుకుంటున్నారు. సోషల్ సారు మొగలుల గురించి చెబుతూ చెబుతూ, మాట ఆపకుండానే, ఒక బకెట్ తెచ్చి ఆ చుక్క కింద పెట్టారు. ఆ తర్వాత పాఠమంతా టప్పు టప్పుమనే చప్పుడు మీదే నడిచింది.

సాయంత్రం ఇంటికి పోయి రాయడం మొదలుపెట్టాడు. ఒక వాక్యం రాస్తే దాని వెనకే ఇంకొకటి వచ్చి నిలబడింది. బకెట్ గురించి రాస్తుంటే దాని మీది పచ్చరంగు గుర్తొచ్చింది. సారు చేతికి అంటిన సుద్దపొడి గుర్తొచ్చింది. అవన్నీ తను చూసినట్టు కూడా అతనికి తెలియదు. అయిపోయిన పొద్దు కాగితం మీద మళ్లీ మొదలవుతోంది. డేవిడ్ పెన్ను ఎత్తి, దానిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. మామూలు రీఫిల్ పెన్నే.

ఆ రోజు నోటుబుక్కు తిరిగి రాలేదు. నీలావతి చదువుతుంటే డేవిడ్ వాకిట్లో నిలబడి ఆమె ముఖమే చూశాడు. బకెట్ దగ్గరికి వచ్చినప్పుడు ఎడమ కనుబొమ్మ పైకి లేచింది. పెదవులు విచ్చుకున్నాయి.

"ఆ బెంచీలోవాళ్లు ఎవరు?" అంది.

"రేపు రాస్తా."

"ఇప్పుడు చెప్పు."

"చెప్పను."

ఇక ఆ కనుబొమ్మ కోసమే అతని రోజంతా గడిచేది. ప్రేయర్‌లో ఎవరు ఆవులించారో, పంపుకాడ ఎవరు ఎవర్ని తోశారో, వేపపండ్లు రాలినప్పుడు గ్రౌండ్ ఎలా ఉంటుందో అన్నీ ఏరుకొచ్చేవాడు. నచ్చని చోట నీలావతి పెన్సిలుతో గీత గీసేది. "ఇది నువ్వు చూడలేదు, అల్లినావు," అనేది. ప్రతిసారీ ఆమె చెప్పిందే నిజం. ఎట్లా కనిపెట్టేదో అతనికి అంతుబట్టేది కాదు.

అక్టోబరులో వాళ్లమ్మ చెయ్యి అతుక్కుంది. కానీ నీలావతి చేతుల వల్ల చీర ముందుకన్నా తొందరగా మగ్గం దిగుతోంది. కూతుర్ని మళ్లీ బడికి పంపే మాట ముత్యాలప్ప ఎత్తలేదు. నీలావతీ అడగలేదు.

ఆ నెలలోనే, చాలా ఏండ్లకు, బుక్కపట్నం చెరువు నిండి, మిగులు నీళ్లు మరవ మీంచి పొర్లాయి. ఆదివారం ఇంటికి పోయిన డేవిడ్, వాళ్లమ్మతో చెరువుకట్ట మీదికి పోయాడు. తిరిగొచ్చి ఎనిమిది పేజీలు రాశాడు. ఆ ఎనిమిది పేజీలూ నీలావతి గొంతెత్తి చదివింది. చదువు రాని నాయనకూ వినిపించాలని.

మరవ మీంచి దూకే నీళ్ల చప్పుడుకు పక్కనున్న మనిషి మాట వినబడలేదని రాశాడు. ఒక ముసలాయన చెప్పులు విడిచి, చేత పట్టుకొని, గుడిలో నడిచినట్టు కట్టంతా నడిచాడని రాశాడు. ఎండిన చెరువులో కంపచెట్లు కొట్టి పొయ్యి వెలిగించిన తన తల్లి, ఆ నీళ్లలో పాదాలు పెట్టి ఏడ్చిందని, ఎందుకని అడిగితే, చల్లగా ఉండాయి నాయనా అని మాత్రం చెప్పిందని రాశాడు.

అక్కడికి వచ్చేసరికి మగ్గం చప్పుడు ఆగిపోయింది.

వెలుతురున్నంత సేపూ ఆగని మగ్గం అది. ముత్యాలప్ప రెండు చేతులూ నేత మీద పెట్టుకొని కూర్చున్నాడు.

"మళ్ల చదువు," అన్నాడు. "ఆ ముసలాయప్ప చెప్పులు ఇడిచిన కాడ్నుంచి."

నీలావతి చదివింది. ముత్యాలప్ప వాకిట్లో ఉన్న డేవిడ్ వైపు తిరిగాడు. "నేను బుక్కపట్నం ఎప్పుడూ పోలేదప్పా. ఇప్పుడే పోయొస్తి," అన్నాడు.

తర్వాత కూతురితో, "సోమవారం నుంచి నువ్వు బడికి పో. ఇట్లాంటివి చదివే పిల్లను, కండెల కాడ కూర్చోబెట్టుకొన్యా," అన్నాడు.

తను రాసిన మాటలు ఒక మగ్గాన్ని ఆపాయి. ఒక అమ్మాయిని బడికి పంపాయి. ఆ సాయంత్రం డేవిడ్ పిన్నమ్మ ఇల్లు దాటి వీధి చివరిదాకా నడిచిపోయాడు. తనలో ఉన్నది భయమో సంతోషమో అతనికి తెలియలేదు.

పదో తరగతి కాగానే ముత్యాలప్ప కుటుంబం హిందూపురానికి మారింది. డేవిడ్, నీలావతి ఉత్తరాలు రాసుకున్నారు. నెలకు ఒకటి, ఒక్కోసారి రెండు. 2004 నాటికి డేవిడ్ పెనుకొండలో తెలుగు మాస్టారు. వారపత్రికల్లో కథలు వస్తున్నాయి. ప్రతి కథా ముందు నీలావతి చదవాల్సిందే. పెన్సిలు గీతలు తప్పేవి కావు.

ఆ వేసవిలో ఆమె నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. డేవిడ్ మూడు రాశాడు. జవాబు లేదు. జులైలో ఒక ఆదివారం హిందూపురం బస్సెక్కాడు.

తలుపు తీసింది ముత్యాలప్ప.

"నీలావతి ఈడ లేదప్పా. ఆమడగూరులో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆడనే రూము తీసుకొని ఉండాది," అన్నాడు. మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "బెంగళూరు నుంచి సంబంధం ఒకటి వచ్చినాది. అబ్బాయి మంచోడే. ఈ పిల్ల ఊ అనదు, ఊహూ అనదు. నీకేమన్నా తెలుసునా?"

డేవిడ్ చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

"ఆరేండ్లుగా నీ ఉత్తరాలు నాకు చదివి చెప్తాండాది," అన్నాడు ముత్యాలప్ప. "వానలు రాసినావు, రైళ్లు రాసినావు, పెనుకొండ కొండ మీద ఎండ రాసినావు. అడగల్సింది మాత్రం ఒక్కసారన్నా అడిగినావా?"

"మేము చర్చికి పోయేవాళ్లం మామా. మీ చుట్టాలు ఏమంటారో అని..."

"అంటారు. అవన్నీ నేను పడతా. నీ పని నువ్వు చెయ్యి. ఆ పిల్లను అడుగు."

మర్నాడు సెలవు పెట్టి, కదిరి మీదుగా ఆమడగూరు చేరేసరికి సన్నగా తుంపర. బడి వదిలారు. పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకొని పరిగెత్తుతున్నారు. నీలావతి వరండాలో ఒంటరిగా నిలబడి ఉంది. అతన్ని చూసి ఆశ్చర్యపోయినట్టు లేదు.

"ఉత్తరాలు ఎందుకు ఆపినావు?" అన్నాడు.

"నువ్వు రాయకుండా వదిలింది ఒకటుండాది. అది వచ్చేదాకా ఏమీ రాయగూడదనుకొన్యా."

డేవిడ్ దారి పొడవునా కూడబెట్టుకొచ్చిన మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. తుంపర గురించి ఒక్క మంచి వాక్యం కూడా తోచలేదు.

"నాకు నీతో బతకల్లని ఉండాది నీలా," అన్నాడు.

నీలావతి కండ్లు నిండాయి. అతని తడిసిన చొక్కా చెయ్యి పట్టుకొని వరండాలోకి, తన పక్కకి లాగింది.

"నాకూ," అంది.

వాన పెద్దదైంది. బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. ఇద్దరిలో ఎవరూ దానివైపు చూడలేదు. నీలావతి తన పక్కనే, తన చెయ్యి పట్టుకొని నిలబడి ఉందన్న సంగతి డేవిడ్‌కు ఇంకా నమ్మశక్యంగా లేదు.