వేసుకోని మాత్ర

"మాత్రలు మొన్ననే అయిపోవాలి. ఎందుకు రాలేదు, పరిమల్‌దా?"

మందుల షాపు సుతపా గొడుగైనా లేకుండా వానలో కలకత్తా కుమార్‌టులిలో విగ్రహాలు చేసే మా పాకలోకి వచ్చేసింది. నేను వెదురు పరంజా మీద ఉన్నాను. నా ఎదుట దుర్గమ్మ, ఇంకా కళ్లు లేకుండా.

"రేపు మహాలయ, అమ్మకు కళ్లు పెట్టే రోజు కదా. కళ్లు దిద్దేవాడు నిష్ఠగా ఉండాలి. పెదనాన్న తొలిసారి నాకు కుంచె ఇస్తానన్నాడు. మూడు రోజులుగా ఒంటిపూట తిండి. బీపీ మాత్ర అసలు ముట్టలేదు."

ఆమె ముఖం పాలిపోయింది. "ముందు కిందికి దిగు."

"నీ మాత్ర నా గుండెను మొద్దును చేసేసింది. నిన్ను చూసినా దడ రాదు. ఇప్పుడు చూడు, ఎలా దరువేస్తోందో."

నవ్విద్దామని అన్నాను. నిజానికి పొద్దుటినుంచి ఆ దరువుకు నాకే భయంగా ఉంది.

దిగుతుంటే కళ్లకు చీకట్లు కమ్మాయి. "పరిమల్" అని ఒక కేక వినపడింది. అన్నయ్యను పిలిచినట్టు ఏడాదిగా తగిలిస్తున్న ఆ 'దా' ఊడిపోయింది. పడిపోతూ కూడా అది గమనించాను, నేనేం మనిషినో.

డాక్టరు దగ్గరికి రిక్షాలో వెళ్తున్నంతసేపూ ఆమె నా మణికట్టు వదల్లేదు.

"నూట ముప్పై" అంది.

"చచ్చిపోతానా?"

"నోర్ముయ్. అడ్రినలిన్ వచ్చి గుండె తలుపులు బాదుతుంది. నీ మాత్ర ఆ తలుపులకు కాపలా. ఏడాదిగా కాపలా ఉంటే గుండె ఊరుకుంటుందా, ఇంకో నాలుగు తలుపులు పెట్టుకుంది. నువ్వేమో కాపలాను ఒక్కసారిగా పంపించేశావు. ఇప్పుడు అన్ని తలుపుల్లోంచీ దూరుతోంది. మనుషులు ఇలాగే పోతారు, తెలుసా?"

చివరి మాటకు ఆమె నా మణికట్టును ఇంకా గట్టిగా నొక్కింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

డాక్టరు ఈసీజీ తీసి, తిట్టి, మాత్ర మళ్లీ మొదలుపెట్టి, సాయంత్రం దాకా మంచం దిగొద్దన్నాడు. కబురు తెలిసి పెదనాన్న మట్టి చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఒంటిపూట ఉండమన్నాను గానీ ప్రాణం తీసుకోమన్నానట్రా? ఇరవై ఏళ్లుగా షుగరు మాత్ర మింగాకే అమ్మకు కళ్లు దిద్దుతున్నాను. ఏనాడూ ఆమె కోప్పడలేదు." సుతపా వైపు తిరిగాడు. "రేపు వీడు మాత్ర వేసుకున్నాడని నువ్వు చెబితేనే కుంచె ఇస్తానమ్మా. అసలు ఆ పెత్తనమేదో జన్మంతా నువ్వే పుచ్చుకో."

ఆమె తల దించుకుంది. ఆయన బయటికి నడిచాడు.

సాయంత్రానికి నా దడ తగ్గింది.

"గుండె మళ్లీ మొద్దుబారింది" అన్నాను. "నీ మీద ప్రేమ ఉందో లేదో ఇక నాకెలా తెలుస్తుంది?"

సుతపా నా వేళ్లు తీసుకుని తన మణికట్టు మీద పెట్టుకుంది.

"లెక్కపెట్టు. మధ్యాహ్నం నుంచీ ఇలాగే కొట్టుకుంటోంది. నేను ఏ మాత్రా వేసుకోను."

నూట పది దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత లెక్క తప్పింది.