గడిలో గుడ్డి పిట్టలు

నర్మెట్ట అవతల పాడుబడిన దొరల గడి పక్కనుంచి చీకటి పడ్డాక ఎడ్లు కూడా అడుగు వెయ్యవని చెప్పుకునేవారు. ఎడ్ల సంగతి నాకు తెలియదు గానీ, మనుషులు మాత్రం కోసెడు దూరం చుట్టు తిరిగి పోయేవారు. పై గదిలో రెక్కలు కొట్టుకుంటున్న చప్పుడు... ఒక్క పిట్టది కాదు, గుంపుది. మా అవ్వ సరోజన చెప్పగా విన్నాను ఇదంతా.

ఆ పిట్టల్ని గీసింది మా తాత రాజలింగు. కులపురాణాల పటాలు గీసే నకాషీ ఆయన. గడి దొర ఎవరో నవాబు దగ్గర వందేళ్ళనాటి పిట్టల బొమ్మల పుస్తకం అడిగి తెచ్చాడు. తిరిగిచ్చేలోపు అందులోవన్నీ ఉన్నవి ఉన్నట్టు బట్టల మీదికి దించమని తాతను కూర్చోబెట్టాడు. దేవుళ్ళను గీసిన చేతికి ఈకలు లెక్కపెట్టి గీయడం మొదట్లో చిరాకేసిందట. తర్వాత ఆ పాత బొమ్మలు గీసినవాడి ఓపికకు దండం పెడుతూ, ఉడుత వెంట్రుకల కుంచెతో పందొమ్మిది పిట్టల్ని దించాడు. కళ్ళు మాత్రం పెట్టలేదు.

మా కులం కట్టడి అది. అన్ని బొమ్మలూ అయ్యాక, చిట్టచివర కళ్ళు తెరవాలి. అప్పటిదాకా గీసేవాడు పనిమీద ఉన్నట్టే. పని నడుస్తుండగా ఆ ఇంట్లో పెళ్ళీ చెయ్యరు, దినమూ చెయ్యరు.

అంతలో, దొరల మీద తిరగబడ్డ రైతుల సంఘం గడి మీదికి వచ్చింది. దొర పుస్తకం చంకన పెట్టుకుని రాత్రికి రాత్రి పట్నం పారిపోయాడు. తాత సంఘంలో కలిసి, కుంచె మొలలో దోపుకుని గూడూరు అడవులకు పోయాడు. వచ్చి కళ్ళు పెడతానని అవ్వకు చెప్పి మరీ పోయాడు.

మూడు నెలలకు రజాకార్లు ఆయన్ను కాల్చేశారని కబురొచ్చింది. శవం చూసినవాళ్ళు లేరు. కులపెద్దలు వచ్చి, గాజులు తీసి దినం చెయ్యమన్నారు.

"పిట్టలకు కండ్లు పెట్టలే. పని గాకుండ దినమెట్ల జేస్తరు?" అంది అవ్వ. వాళ్ళ కట్టడే వాళ్ళ నోరు మూయించింది.

ఆ తర్వాత, గడి వెనక గడ్డి కోస్తున్న పక్కింటి ముత్తమ్మ దిబ్బెక్కి పై గది కిటికీలోంచి తొంగిచూసింది. గుడ్డి చిలుకకు... కన్నుంది! వారం తిరిగేసరికి మరో నాలుగింటికి వచ్చాయి. చచ్చిన రాజలింగు పని ముగించుకోవడానికి తిరిగొస్తున్నాడని ఊరంతా వణికింది. మా అవ్వకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. మొగుడు బతికే ఉన్నాడు, చాటుగా వచ్చిపోతున్నాడు!

బిడ్డను, అంటే మా అమ్మను, ముత్తమ్మ ఇంట్లో పడుకోబెట్టి, చాన్నాళ్ళు కాపు కాసింది. ఒక రాత్రి గడి పైన సన్నటి వెలుగు కనిపించింది.

అవ్వ లోపలికి పోయింది. ఒక్కో మెట్టూ ఎక్కుతోంది... పైన రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి... ఆగుతున్నాయి... మళ్ళీ కొట్టుకుంటున్నాయి.

తలుపు సందులో బుడ్డి దీపం. దాని ముందు — వీపు ఇటు పెట్టి, గొంతుక్కూర్చుని, బట్ట మీదికి వంగి ఒక మనిషి. చేతిలో తాత కుంచె.

"ఏమయ్యా..." అంది అవ్వ, గాలికి కూడా వినపడకుండా.

కుంచె ఆగింది. మనిషి తిరిగాడు.

తాత కాదు. మంగ్యా — తాతతో పాటు దళంలో ఉన్న తండా పిల్లగాడు, అవ్వ చేతి జొన్న గటక రెండుసార్లు తిన్నవాడు. తాడుకు వేలాడదీసిన పిట్టల బట్టలు గాలికి గోడను కొట్టుకుంటున్నాయి. రెక్కల చప్పుడు అదే.

"అన్న పోయిండు వదినా," అన్నాడు మెల్లగా. "నా ఒళ్ళెనే పోయిండు. కుంచె నా చేతుల బెట్టి, పిట్టలను గుడ్డిగ ఉంచకు అన్నడు."

దళం చీటీలు మోస్తూ ఇటు వచ్చినప్పుడల్లా కొన్ని కళ్ళు పెట్టి పోయాడట. తుపాకీ పట్టే చెయ్యి కదా, చిలుకకు మెల్లకన్ను వచ్చింది. కంటిపాపలో తెల్లచుక్క పెడితేనే చూపొస్తుందని తాత అనేవాడు. అది ఇతనికి తెలియదు, ఒక్కదానికీ పెట్టలేదు.

"గిదొక్కటే మిగిలింది. ఇయ్యాల అయిపోతది," అన్నాడు, ఆమెకు మేలు చేస్తున్నాననే అనుకుని.

అది పాలపిట్ట. నల్లరంగులో ముంచిన కుంచె దాని కంటికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. అవ్వ గబుక్కున అతని మణికట్టు పట్టుకుంది.

"గది ఉండనియ్యి తమ్మీ."

"అన్నకు మాటిచ్చిన వదినా."

"నువ్వు గా కన్ను పెడితె, తెల్లారి నా గాజులు పగలగొడ్తరు."

మంగ్యా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత కుంచె తుడిచి ఆమెకిచ్చాడు. అప్పుడు ఏడ్చాను బిడ్డా అని చెప్పేది అవ్వ, అదీ కొంగు నోట్లో కుక్కుకుని.

పాలపిట్టను ఇంటికి తెచ్చుకుంది. పెద్దలు ఎప్పుడు అడిగినా ఆ బట్ట విప్పి చూపించేది. నలభై ఏళ్ళు బొట్టూ గాజులూ తియ్యలేదు.

అవ్వ పోయిన తెల్లవారి, మిగిలిన కన్ను పెట్టేస్తే దినాలు ఇద్దరికీ ఒకేసారి చెయ్యొచ్చని మా అమ్మ నలుపు నూరి, ఆ బట్ట విప్పింది. విప్పి... చేతిలోంచి జారవిడిచింది.

పిట్టకు కన్నుంది. పాపలో తెల్లచుక్కతో సహా. తడి ఇంకా ఆరలేదు.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. అమ్మ మాత్రం కాసేపటికి తేరుకుని, పాడె మీద ఉన్న అవ్వ కుడిచెయ్యి మెల్లగా పైకెత్తింది. చూపుడు వేలికి నలుపు అంటుకుని ఉంది.