సంగీతక్కకు రాని మెసేజ్

“తండా పిల్లకు కంప్యూటర్ అప్పజెప్పుడు నాదే బుద్ధితక్కువ!”

కేసముద్రంలో పత్తి కొనే నర్సింగరావు సేటు నలుగురూ వినేలా అరిచాడు. ఆ తండా పిల్ల పేరు మౌనిక. ఆయన దుకాణంలో టోకెన్ల ప్రోగ్రామ్ రాసింది తనే. తూకానికి వంతు రాగానే రైతు ఫోనుకు మెసేజ్ వెళ్లాలి. పొద్దుటి నుంచీ మగవాళ్లకు టంచనుగా వెళ్తోంది. ఆడ రైతుల్లో సంగీతకు రాలేదు, సుష్మితకు రాలేదు. బయట ట్రాలీల్లో వాళ్ల పత్తి, పైన మబ్బు. తడిసిందంటే ఇక అడిగేవాడుండడు.

“తప్పు దొరక్కపోతే రేపటి సంది రాకు” అన్నాడు సేటు.

తల వంచుకునే రకం కాదు మౌనిక. “దొరికినంక ఎవరిదో గూడ చెప్త సేటూ. జర ఇనే ఓపిక ఉంచుకో” అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

సేటు కొడుకు ఉమేష్ టీ గ్లాసుతో పక్కకు చేరాడు. కోడింగ్ నేర్చుకుంటానని రోజూ చేరేవాడే. అది వట్టి వంక అని మౌనికకు తెలుసు. ఆ వంక తనకూ నచ్చిందని మాత్రం చచ్చినా ఒప్పుకోదు.

“పరేషాన్ గాకు, నేనున్న గద!”

“నువ్వున్నవనే నా పరేషాన్. ఈ లైను ఎవరు రాసిన్రు?”

ఉమేష్ స్క్రీన్‌లోకి తొంగి చూశాడు. “నేనే. మొన్న నువ్వు లీవుల ఉన్నప్పుడు. ఆడోళ్ల పేరు ముందు శ్రీమతికి ఎస్, ఎం, టీ అని ఉంటది గద? ఆ పేర్లకే అది తియ్యనీకి ఎల్‌స్ట్రిప్ అనే ఫంక్షన్ పెట్టిన. మంచిగనే పోయింది!”

“అది మాటను తియ్యదు సారూ, అక్షరాలను తీస్తది. నువ్విచ్చిన అక్షరాల్ల ఏది ఎదురైనా సరే, తినుకుంటనే పోతది. శ్రీమతి అయిపోయింది, ఎనకనే సంగీతక్క పేర్ల ఎస్ కనబడ్డది. దాన్నీ తిన్నది. సగం పేరుతోని ఫోన్ నంబర్ యాడ దొరుకుతది?”

ఉమేష్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. “గింత దొంగ ఫంక్షనా?”

“అది దొంగది కాదు. నువ్వు చదవకుండ నమ్మినవు. ఇప్పుడు బయటికి పోయి నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?”

చకచకా ఆ లైను మార్చేసింది. బయట ఆడవాళ్ల ఫోన్లు వరసగా మోగాయి. సేటు హుషారుగా లోపలికొచ్చి బయటి రైతులకు వినబడే మైకు కొడుకు చేతిలో పెట్టాడు.

“పిల్ల తప్పు చేసింది, మనం సరిచేసినం అని చెప్పు. దుకాణం పరువు నిలబడాలె.”

మౌనిక ఉమేష్ వంక చూసింది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. ఇతను అబద్ధమాడితే మాత్రం ఇక జన్మలో ఇతని ముఖం చూడకూడదనుకుంది.

“అక్కలారా, తప్పు నాది” అన్నాడు ఉమేష్. “మౌనిక మంచిగ రాసింది, నేను ఖరాబ్ చేసిన. మెసేజ్ రానోళ్ల పత్తే ముందుగాల్ల జోకుతం.”

“బంద్ చెయ్! తండా పిల్ల కోసం నా పరువు తీస్తవారా?”

“పిల్ల కోసం కాదు బాపూ, నా తప్పు కాబట్టి చెప్పిన. పిల్ల కోసం చెప్పేది వేరే ఉన్నది.”

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. బయట అందరూ గొల్లున నవ్వారు. “చెప్పు తమ్మీ, చెప్పు!” అని సంగీత కేకేసింది.

మౌనిక లేచి మైకు లాక్కుంది.

“గిక్కడ గాదు. దమ్ముంటే మా తండాకొచ్చి మా నాయిన ముందల చెప్పు.”

“వస్త. బాపును గూడ తీస్కొస్త.”

“నేను రాను!” అన్నాడు సేటు.

“రాకుంటే నేనొక్కన్నే పోత బాపూ.”

అంత మాట తండ్రి ముఖం మీదే అనేసరికి మౌనికకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. సేటు వంకే సూటిగా చూసింది.

“ఐతారం రా ఉమేష్. నువ్వంటే నాకిష్టమని ఇంట్ల నేనే ముందుగాల చెప్పి పెడ్త.”

ఆ మాట మైకులోనే చెప్పింది.