ముప్ఫై ఒకటో అంతస్తు దీపం

వంతెన ఎక్కాక వెనక్కి తిరిగి చూడకూడదు... ఆ దారిన పోయేవాళ్ళందరికీ తెలిసిన మాటే అది.

దారంటే పెద్ద దారేం కాదు. నలభై అంతస్తుల అద్దాల టవరు వెనక గేటు నుంచి నీటి ఒడ్డున ఉన్న కాలినడక వంతెన దాకా నాలుగైదు నిమిషాలు. పగటిపూట చూసినవాళ్ళు ఇక్కడ భయపడ్డానికి ఏముందని నవ్వుతారు. ఒక కాఫీ కొట్టు, నున్నటి రాతి పలకలు, ఆఫీసువాళ్ళు కూర్చుని ఫోన్లు చూసుకునే బెంచీలు. సాయంత్రం ఏడయ్యేసరికి మాత్రం అడపాదడపా వంతెన దాటేవాళ్ళు తప్ప ఒక్క పురుగు ఉండదు. ఆఫీసులు ఖాళీ అవుతాయి, టవరు చీకటైపోతుంది, నీటి మీంచి గాలి లేస్తుంది. అప్పుడు వంతెన మధ్య నుంచి వెనక్కి చూస్తే — టవరు అద్దాల బయట, గాల్లో, ఒక దీపం వేలాడుతూ కనిపిస్తుందట.

అద్దాలు తుడిచే మనిషి దీపమట అది. మూడేళ్ళ కిందట ఓ రాత్రి పైనుంచి పడి చచ్చిపోయాడు. తెల్లారి ఊడ్చేవాళ్ళొచ్చి చూసేదాకా ఎవరికీ తెలీదు. ఆ దీపం చూసినవాళ్ళని పిలుస్తుందనీ, పలికితే ఇక అంతేననీ... ఒకరికి తోచింది ఇంకొకరు చేర్చుకుంటూ పోయారు. దెయ్యాలకి కాళ్ళుంటాయో లేదో గాని కబుర్లకి మాత్రం ఉంటాయి.

ఈ మాటలు అందరికంటే ఎక్కువ నమ్మేవాడు ఎవరయ్యా అంటే, అదే టవరు అద్దాలు తుడిచే మేస్త్రి. నలభయ్యో అంతస్తు నుంచి కిందికి చూసినా కళ్ళు తిరగని మనిషి, వంతెన మీద మెడ తిప్పాలంటే వణికిపోయేవాడు.

మేస్త్రికి జోడీ అతని బావమరిది. ఇద్దరూ డాబా నుంచి తాళ్ళ మీద వేలాడే ఒకే ఇనుప తొట్టిలో నిలబడి, మోటారు మీద అంతస్తు తర్వాత అంతస్తు దిగుతూ తుడిచేవాళ్ళు. మేస్త్రి భార్య రోజూ పొద్దున్నే ఇద్దరికీ క్యారేజీ కట్టిచ్చి ఒకే మాట చెప్పేది: "మావాడు దూకుడు మనిషి. పైన వాడి మీద ఓ కన్నేసి ఉంచు."

"నేనుండగా వాడికేం భయమే!" అనేవాడు మేస్త్రి, రోజూ అదే ధీమాతో.

డాబా మీద తలుపు పక్కన ఒక చెక్క ఉంటుంది. దానికి ఇత్తడి బిళ్ళలు. తొట్టి ఎక్కేవాడు తన బిళ్ళ తీసి మెడలో వేసుకోవాలి, పైకొచ్చాక తిరిగి తగిలించాలి. ఏడింటికి వాచ్‌మన్ వచ్చి, బిళ్ళలన్నీ ఉన్నాయో లేదో చూసి, మోటారు కరెంటు తీసేసి, తలుపు తాళం వేసుకుపోతాడు. ఫోన్లు తొట్టిలోకి తీసుకెళ్ళకూడదు — చెయ్యి జారితే కింద ఎవడి తల పగులుతుందో.

ఆ రోజు పని అయిపోయింది. బిళ్ళలు తగిలించేశారు. తీరా చూస్తే ముప్ఫై ఒకటో అంతస్తులో ఒక అద్దం మీద సబ్బు చార అలాగే ఉండిపోయిందని కింద నుంచి మేనేజరు కబురు.

"నీ పక్కే అది. కళ్ళు ఎక్కడ పెట్టుకుని తుడిచావు?" అన్నాడు మేస్త్రి.

"నా పక్కో నీ పక్కో, నేనే తుడుస్తాలే. నీ సణుగుడు వినేకంటే అదే నయం," అంటూ బావమరిది తలకి దీపం కట్టుకున్నాడు. బిళ్ళ కోసం చెయ్యి చాపాడు.

"ఐదు నిమిషాల పనికి బిళ్ళ ఎందుకురా? పో, పోయిరా."

ఆ మాట అన్నది మేస్త్రే. ఇద్దరు లేనిదే తొట్టి కదలకూడదన్న సంగతి కూడా అతనికి తెలుసు. అంతలో మేనేజరు సంతకానికి కిందికి రమ్మన్నాడు. సంతకంతో పోలేదు, ముప్పావు గంట చీవాట్లు. బయటపడేసరికి ఏడున్నర. డాబా తాళం పడిపోయింది. బావమరిది అలిగితే చెప్పకుండా ముందే నడిచిపోయి, వంతెన అవతల బస్టాపులో మూతి ముడుచుకుని కూర్చోవడం మామూలే. 'పోతే పోయాడు, ఫోను చేస్తే ఇంకా బిగుసుకుంటాడు,' అనుకుని మేస్త్రి వెనక గేటు దాటాడు.

కాఫీ కొట్టు షట్టరు దించేసి ఉంది. గాలికి దాని రేకు ఉండుండి దడదడ కొట్టుకుంటోంది.

నడిచాడు. వెనక ఎవరో నడుస్తున్నట్టే ఉంది... ఆగాడు. అదీ ఆగింది. తన అడుగుల చప్పుడే గోడకి తగిలి తిరిగొస్తోందని బుర్రకి తెలుసు. కాళ్ళకి చెప్పేదెవరు?

బెంచీలు దాటాడు. నీటి వాసన తగిలింది. వంతెన మెట్లెక్కాడు. గాలి ఒక్కసారిగా మీద పడింది. కమ్మీలు ఈల వేస్తున్నట్టు మోగుతున్నాయి. ఆ మోతలో — ఎక్కడో దూరంగా, పైనుంచి — ఏదో కేక లాంటిది...

'చూడకూడదు... చూడకూడదు...'

వంతెన మధ్యలో దీపస్తంభం కిందికి వచ్చేసరికి మెడ దానంతటదే తిరిగింది.

నల్లటి టవరు. దాని ఒంటి మీద, అంత ఎత్తున, బయట — ఒక దీపం.

మేస్త్రి పై ప్రాణాలు పైనే పోయాయి.

దీపం అటూ ఇటూ ఊగింది. ఒకటి... రెండు... మూడు. ఆగింది. మళ్ళీ — ఒకటి... రెండు... మూడు.

తెలిసిన దేవుళ్ళందరినీ ఒకే దమ్ములో తలుచుకుని, రెండు చేతులూ తలమీదికెత్తి దండం పెట్టాడు. "నాయనా... నీకు నేనేం చెయ్యలేదు... నన్నొదిలెయ్..."

దీపం ఠక్కున ఆరిపోయింది.

ఇంక నిలబడితే ఒట్టు. మేస్త్రి వంతెన దిగేదాకా పరిగెత్తాడు. బస్టాపులో దీపం వెలుగు కింద కూలబడ్డాక, దండం పని చేసిందని కాస్త గర్వంగా కూడా అనిపించింది.

బస్టాపులో బావమరిది లేడు.

ఒక బస్సు వచ్చి పోయింది. రెండోదీ పోయింది. ఫోను మోగింది. భార్య.

"తమ్ముడు నీతోనే ఉన్నాడా? గంట నుంచి ఫోను చేస్తున్నా, ఎత్తడు."

"ఉంటాడు... ఇక్కడే ఎక్కడో..." అన్నాడు. అంటూ అంటూ ఆగిపోయాడు. అటూ ఇటూ మూడుసార్లు. తొట్టి మోటారు మొరాయిస్తే ఇవ్వాల్సిన సైగ అది. 'చిక్కుకున్నాను, పైకి లాగండి' అని. పని నేర్పేటప్పుడు బావమరిదికి అది నేర్పింది తనే.

"ఏమయ్యా, మాట్లాడవేం? మావాడేడీ?"

మేస్త్రి ఫోను పట్టుకునే పరిగెత్తాడు. వంతెన, బెంచీలు, షట్టరు — ఈసారి ఏ చప్పుడూ అతనికి వినిపించలేదు. ఆ గాలికి తొట్టి ఎలా కొట్టుకుంటుందో అతనికి తెలుసు. కరెంటు పోతే అది ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది. చేత్తో దించాలంటే రెండు కొసలా ఇద్దరు మనుషులుండాలి. ఒక్కడే ప్రయత్నిస్తే ఒరిగిపోతుంది. ముప్ఫై ఒకటో అంతస్తు అద్దెకి పోలేదు, లోపల తట్టినా వినేవాడు లేడు.

"బిళ్ళలన్నీ ఉన్నాయిగా! చూసే తాళం వేశాను!" అంటూనే వాచ్‌మన్ తాళాలతో వెంటపడ్డాడు.

మోటారు మూలుగుతూ తిరిగింది. తొట్టి పైకి రావడానికి పట్టింది నాలుగు నిమిషాలే. ఆ నాలుగు నిమిషాలూ మేస్త్రి అంచు పట్టుకుని, అందులో మనిషి ఉంటే చాలు, బతికుంటే చాలు, ఇంకేమీ వద్దని గొణుగుతూనే ఉన్నాడు.

ఉన్నాడు. ఒక మూల ముడుచుకుని, కమ్మీని కావలించుకుని ఉన్నాడు. వేళ్ళు ఒక్కొక్కటీ ఊడదీయాల్సి వచ్చింది. మేస్త్రి తన కోటు విప్పి కప్పాడు, చేతులు రుద్దాడు, ఏడుస్తూ ఏదేదో వాగాడు. వాచ్‌మన్ టార్చి మేస్త్రి చేతికిచ్చి, వేడినీళ్ళ కోసం కిందికి పరిగెత్తాడు.

బావమరిది తలెత్తి అతని మొహంలోకి చూశాడు.

"నువ్వు చూశావు బావా."

మేస్త్రి చేతులు రుద్దడం ఆపేశాడు.

"వంతెన దీపం కింద నీ పని కోటు మీది మెరుపు పట్టీలు కనిపించాయి. ఊపాను. రెండు చేతులూ తలమీదికెత్తి కలిపావు. 'అందింది, వస్తున్నా' అనే కదా ఆ సైగ? హమ్మయ్య, వస్తున్నాడులే అనుకుని దీపం ఆర్పుకున్నా, బ్యాటరీ ఉంటుందని. అరవడం కూడా మానేశా." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "తర్వాత నువ్వు అటు పరిగెత్తావేంటి బావా?"

"దెయ్యమనుకున్నానురా..." అన్నాడు మేస్త్రి. ఆ మాట చెప్పడానికి అతనికి చచ్చేంత సిగ్గేసింది. "దండం పెట్టానురా నీకు."

బావమరిది నవ్వలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. చీకట్లో నీటి వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నీకంటే ముందు తొమ్మిది మంది ఆగారు బావా. లెక్కపెట్టా. అందరూ తలెత్తి చూశారు. అందరూ పరిగెత్తారు." గొంతు తగ్గించాడు. "ఆ పాతాయన ఉన్నాడే... పడిపోయినాయన. పడేముందు ఆయన ఎంతసేపు ఊపి ఉంటాడంటావు?"

మేస్త్రి చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది. అంచు మీంచి కిందికి చూశాడు. వంతెన మధ్యలో నడుస్తున్న ఎవరో ఒకతను ఆగి, టవరు వైపు తలెత్తాడు.

మేస్త్రి టార్చి పైకెత్తి ఊపాడు. ఒకటి... రెండు... మూడు.

ఆ మనిషి ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.