ఆగనన్న కుర్చీ

ఏ వస్తువైనా తనంతట తాను కదిలిందంటే, రిపేరు చేసేవాళ్ళం ముందు అనుమానించేది పాట్‌నే. పూర్తి పేరు పొటెన్షియోమీటర్. అంత పేరు పలికే ఓపిక మా షాపులో ఎవరికీ లేదు. సౌండు పెంచడానికి రేడియోకి గుండ్రటి మర ఉంటుందే, దాని వెనకాల ఉండేది ఇదే. దెయ్యాన్ని అనుమానించడం మా పనిలో లేదు. ఆ రోజు మధ్యాహ్నం దాకా నిజంగానే లేదు.

మా చెల్లికి పుట్టినప్పట్నుంచీ కాళ్ళలో బలం లేదు. ఇన్నేళ్ళూ దాని లోకమంతా ఒక మంచం, ఒక కిటికీ. మొత్తానికి బస్టాండులో టికెట్ల కౌంటరులో ఉద్యోగం వచ్చింది, మర్నాడే చేరాలి. నేను మోసుకెళ్తానంటే, "నీ వీపు మీంచి దిగితే నన్నూ లగేజీ అనుకుంటారే అక్కా" అంది. అందుకే ఊరంతా వెతికి ఒక పాత మోటారు చక్రాల కుర్చీ కొన్నాను.

అమ్మినావిడ డబ్బు లెక్క కూడా చూసుకోలేదు. "మా అత్తగారిది. ఇందులోనే పోయారు. బతికుండగా ఎవర్నీ దీని మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. మళ్ళీ మా గుమ్మం ఎక్కించకండి" అని తలుపేసుకుంది. ముసలి ప్రాణం, వస్తువు మీద మమకారం ఉంటుందిలే అనుకున్నాను.

ఇంటికి తెచ్చి, అమ్మినావిడ మాటలు చెబితే నవ్వేసి, చెల్లి ముందు గదిలో గుండ్రంగా తిరిగింది. చిన్నపిల్లలా కేకలు పెట్టింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, అబద్ధమెందుకు? ఇంతలో వాన మొదలైంది. మబ్బు కమ్మి గదిలో వెలుగు తగ్గిపోయింది. తడిసిన గోడల వాసన. చెల్లి కుర్చీని నడిపే పుల్ల, అదే జాయ్‌స్టిక్, వదిలేసి చేతులు దులుపుకుంటోంది. కుర్చీ మెల్లగా వీధి గుమ్మం వైపు కదిలింది. గుమ్మం దాటితే నిటారుగా మెట్లు.

"చెయ్యి తియ్యవే!" అన్నాను.

"తీసే ఉంచాను" అంది.

స్విచ్చి ఆపేసి నవ్వాను. ఎందుకు నవ్వానంటే, జాయ్‌స్టిక్ కింద ఉండేవి రెండు పాట్‌లు. ఒకటి ముందుకూ వెనక్కీ, ఇంకోటి పక్కలకీ. పాట్‌కి మూడు కాళ్ళు. ఒక చివర ఐదు వోల్టులు, రెండో చివర సున్నా. మధ్యలో నల్లటి కార్బన్ పట్టీ, దాని మీద జారే చిన్న రేకు. రేకు ఎక్కడ నిలబడితే అక్కడి వోల్టేజీ మధ్య కాలు బయటికి చెబుతుంది. జాయ్‌స్టిక్ నిటారుగా ఉంటే సరిగ్గా సగం, రెండున్నర. అంటే ఆగమని. పెరిగితే ముందుకి, తగ్గితే వెనక్కి. పట్టీ అరిగితే రేకు అబద్ధం చెబుతుంది, కుర్చీ నమ్మేస్తుంది. అంతే సంగతి.

కొత్త పాట్ వేశాను. చక్రాల కింద ఇటుకలు పెట్టి కుర్చీని పైకెత్తి చూడాలి, అది పద్ధతి. చెల్లేమో దిగనంటుంది, "దిగితే మళ్ళీ ఎక్కనివ్వవు" అని. సరేలే, ఇంతదానికి ఇటుకలెందుకని ఊరుకున్నాను. నా తలకాయ!

స్విచ్చి వేశాను. కొత్త పాట్... అదే అబద్ధం. కుర్చీ మళ్ళీ గుమ్మం వైపే.

నాకు తిక్క రేగింది. పాట్‌నే పీకేశాను. దాని బదులు సమానమైన రెండు రెసిస్టర్లు అతికించాను. వాటిలో జారే రేకు లేదు, అరిగే పట్టీ లేదు, తిప్పడానికి ఏమీ లేదు. ఎప్పుడు చూసినా సగమే చూపించాలి. మీటరు పెట్టాను. రెండున్నర. హమ్మయ్య అనబోయాను.

రెండు పాయింట్ ఆరు.

రెండు పాయింట్ ఏడు...

టంకం పొగలోంచి ఇంకో వాసన వచ్చింది. నొప్పుల మందు వాసన. మా ఇంట్లో ఆ మందు లేదు.

మూడు.

కుర్చీ ఒక్క ఊపున దూకింది. ముందు చక్రాలు గడప మీదికెక్కాయి. చెల్లి ముందుకు తూలింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలా పట్టుకున్నానో, స్విచ్చి ఎప్పుడు నొక్కానో తెలీదు.

"పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నాను. "బతికుంటే ఇంకో ఉద్యోగం చూసుకోవచ్చు."

చెల్లి నా చెయ్యి విదిలించింది. మొహం ఎర్రగా కందిపోయింది. "ఇన్నేళ్ళూ మీరు ఎత్తితే లేచాను, దించితే కూర్చున్నాను. ఇప్పుడు చచ్చినావిడ చెప్పినట్టు కూడా వినాలా? పాట్ మళ్ళీ పెట్టు."

"పిచ్చా నీకు?"

"రేపు నడిరోడ్డు మీద లాగితే? ఇవాళే తాడో పేడో తేలిపోవాలి. నా చేతికి పట్టు ఇవ్వు, చాలు."

అది పట్టిన పట్టు వదిలే రకం కాదు. పాట్ మళ్ళీ అతికించాను. కుర్చీని గోడ దాకా వెనక్కి లాగాను. మీటరు పుల్లలు రెండూ రెండు చేతులతో పట్టుకుని స్విచ్చి మోచేత్తో నొక్కాను.

మూడు. కుర్చీ కదిలింది. చెల్లి జాయ్‌స్టిక్‌ని వెనక్కి లాగింది. రెండు పాయింట్ ఆరు. మళ్ళీ మూడు. మోటారు మూలిగింది. చెల్లి పళ్ళు బిగించింది.

"నువ్వెవరో నాకనవసరం" అంది, నా వైపు చూడకుండా. "నీకు బతుకు తీరిపోయింది. నాకింకా మొదలే కాలేదు. పోయినదానికి కుర్చీ ఎందుకు? ఎక్కడికెళ్ళాలి నువ్వు? చెప్పు!"

మోటారు మళ్ళీ మూలిగింది, అంతే.

"చెప్పలేవుగా. నాకు రేపు డ్యూటీ ఉంది."

అంకెలు ఊగాయి... ఊగాయి... రెండున్నర దగ్గర నిలబడ్డాయి. కుర్చీ ఆగింది.

గెలిచింది. మా చెల్లి గెలిచింది! గట్టిగా అరవాలనిపించింది.

"అక్కా" అంది మెల్లగా. "ఇక చాలు, నా చేతి మీంచి నీ చెయ్యి తియ్యి. చల్లగా ఉంది."

నా రెండు చేతుల్లో మీటరు పుల్లలున్నాయి. దానికి కనిపించేలా పైకెత్తాను.

చూసింది. జాయ్‌స్టిక్ మాత్రం వదల్లేదు.

"సరే, ఉండనీ" అంది. "కానీ నేను చెప్పినట్టే నడవాలి."

మర్నాడు టైముకి ముందే డ్యూటీకి వెళ్ళింది. నెలైంది, ఒక్కరోజు నాగా లేదు. ఇప్పుడు దాని వేళకి ఇంట్లో మేం వంట చేస్తున్నాం. వీధిలో అందరికీ దాని నోరంటే హడల్.

నిన్న సాయంత్రం గేటు దగ్గర ఎదురుచూస్తున్నాను. వీధి మలుపులో కుర్చీ కనిపించింది. చెల్లి రెండు చేతులూ తల వెనక్కి పెట్టి జడ అల్లుకుంటూ వస్తోంది. కుర్చీ గుంతను తప్పించుకుంది. పార్కు చేసిన స్కూటర్ని తప్పించుకుంది. సరిగ్గా గేటు ముందుకొచ్చింది.

"ఆగు" అంది. నాతో కాదు.

ఆగింది.

"చూశావా, ఎలా దారికొచ్చిందో!" అని నవ్వి చేతులు చాపింది. ఎత్తుకుని లోపల మంచం మీద దించి, కుర్చీ కోసం బయటికొచ్చాను.

కుర్చీలో ఎవరూ లేరు. స్విచ్చి ఆపే ఉంది. స్ప్రింగు లాగి నిటారుగా నిలబెట్టాల్సిన జాయ్‌స్టిక్ మాత్రం చెల్లి వెళ్ళిన వైపే, మా గుమ్మం వైపు పూర్తిగా వంగి ఉంది. వణుకుతోంది.